గుండెలో గడియారం, వంటింట్లో తోటకూర

మా పెద్దక్క ఇంట్లో రాత్రిపూట కరెంటు పోయి ఫ్యాను ఆగిందంటే, గదిలో టిక్ టిక్‌మని గడియారం నడుస్తున్నట్టు వినిపిస్తుంది. ఆ గదిలో గడియారం లేదు. ఆ చప్పుడు అక్క గుండెలోంచి వస్తుంది. నాలుగేళ్ళ మనవరాలు ఆమె ఛాతీకి చెవి ఆనించి, "అమ్మమ్మా, గడియారం మింగేశావా?" అని అడుగుతుంది. "అవునమ్మా, నిన్ను బడి టైముకి లేపాలి కదా" అంటుంది అక్క.

అదే అక్క మంగళవారం, శుక్రవారం కూరల బండి దగ్గర ఒకే ఒక్క తోటకూర కట్ట కొంటుంది. మూడు కట్టలు పాతిక రూపాయలకే ఇస్తానని బండి అతను ఎంత ఊరించినా రెండోది తీసుకోదు. అలాగని ఏ వారమూ మానదు. ఇంటికి చుట్టాలొచ్చినా, కుండపోతగా వాన పడినా, ఆ రెండు రోజులూ ఆమె ఇంట్లో తోటకూర పప్పు ఉండాల్సిందే.

గుండెలో గడియారానికీ ఆ తోటకూర కట్టకీ సంబంధం ఉంది. అది తెలిస్తే, పెద్ద జబ్బు పెట్టుకుని, ఒకదాని వెనక ఒకటిగా ఆపరేషన్లు చేయించుకుంటూ కూడా మనిషి నిండుగా ఎలా బతకగలడో సగం తెలిసినట్టే. అక్కకి యాభై మూడేళ్ళు. తెనాలిలో చిన్న టైలరింగు షాపు ఆమెది. పదిహేనో ఏట, ఇరవై ఐదో ఏట, ముప్పై మూడో ఏట, నలభై నాలుగో ఏట ఆమె గుండెలో ఒకే తలుపును బాగుచేశారు. నాలుగుసార్లూ నాలుగు రకాలుగా.

గొంతునొప్పి గుండెకి ఎలా ఎక్కింది

అప్పుడు అక్కకి పదకొండేళ్ళు. జ్వరం, గొంతునొప్పి వచ్చి తగ్గాయి. రెండు మూడు వారాలకి కుడి మోకాలు వాచింది. అది తగ్గుతుండగానే ఎడమ చీలమండ పట్టుకుంది, ఆ తర్వాత మోచెయ్యి. నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలుకి పోతుంటే ఎవరో వాతం అన్నారు. అమ్మ దిష్టి తీసింది, నువ్వులనూనె కాచి మర్దనా చేసింది. నెల తిరిగేసరికి వాపులన్నీ పోయాయి. జబ్బు పోయిందనుకున్నారు. కీళ్ళలోంచి పోయిన మాట నిజమే. గుండెలో మాత్రం దాని గుర్తు ఉండిపోయింది.

దీన్ని కీళ్ళవాత జ్వరం అంటారు, డాక్టర్ల మాటలో రుమాటిక్ ఫీవర్. ఐదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ వయసు పిల్లల్లో ఎక్కువ. మూలం స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి. అది గొంతులో చేరి అక్కడే ఉంటుంది, గుండె దాకా పోదు. గుండెని దెబ్బతీసేది మన ఒంటి సొంత కాపలాదళమే.

ఊళ్ళో దొంగ పడ్డాడు. గళ్ళ చొక్కా వేసుకున్నాడని కబురొచ్చింది. జనం కర్రలు పట్టుకుని బయల్దేరారు. దొంగ ఎప్పుడో పారిపోయాడు. చెరువుగట్టు మీద గళ్ళ చొక్కాతో కూర్చున్న అమాయకుడొకడు దెబ్బలు తిన్నాడు. కీళ్ళవాత జ్వరంలో జరిగేదిదే. ఆ సూక్ష్మజీవి ఒంటి మీద ఉన్న మాంసకృత్తులకీ, మన గుండె కవాటాల్లో ఉన్న కొన్ని మాంసకృత్తులకీ పోలిక ఉంది. సూక్ష్మజీవి కోసం తయారైన ఆయుధాలు ఆ పోలిక చూసి కవాటాల మీద పడతాయి.

కీళ్ళు కోలుకుంటాయి కదా, కవాటం ఎందుకు కోలుకోదు? కవాటం రెక్కలు ఉల్లిపొరలాంటివి. రోజుకి సుమారు లక్షసార్లు తెరుచుకుని మూసుకునే పని వాటిది. అంత పలుచని రెక్క మీద పుండు మానితే అక్కడ మచ్చ కడుతుంది, మచ్చ గట్టిపడుతుంది, రెక్కల అంచులు ఒకదానికొకటి అంటుకుంటాయి. గొంతునొప్పి మళ్ళీ వస్తే మళ్ళీ దాడి, పాత మచ్చ మీద కొత్త మచ్చ. అందుకే ఒకసారి ఈ జ్వరం వచ్చిన పిల్లలకి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షను ఏళ్ళ తరబడి ఇస్తారు. పాత మచ్చని అది మాన్పదు. కొత్త మచ్చ పడకుండా చూస్తుంది. పిరుదు మీద పొడిచే ఆ సూది చాలా నొప్పి. అక్కకి నాలుగైదు వేయించి, "బాగానే ఉంది కదా" అని మానేశారు. మన ఊళ్ళలో ఎంతోమంది పిల్లల కథ సరిగ్గా ఇక్కడే మలుపు తిరుగుతుంది. ఒకే గదిలో ఆరేడుగురు పడుకునే ఇళ్ళలో గొంతునొప్పి ఒకరి నుంచి ఒకరికి తేలిగ్గా అంటుకుంటుంది. అందుకే ఇది పేదరికంతో ముడిపడిన జబ్బు. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ దీన్ని అరికట్టాలని ప్రత్యేకంగా తీర్మానం చేసింది.

ఇరుకు తలుపు బస్సు

ఊపిరితిత్తుల్లో శుభ్రపడిన రక్తం గుండె ఎడమవైపు పై గదిలోకి వస్తుంది. అక్కణ్ణుంచి కింది గదిలోకి దిగే దారిలో రెండు రెక్కల తలుపు ఉంటుంది. పాఠ్యపుస్తకాల్లో దాని పేరు ద్విపత్ర కవాటం, ఆసుపత్రిలో మైట్రల్ వాల్వు. మామూలుగా అది 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు తెరుచుకుంటుంది. పదిహేనేళ్ళ వయసులో అక్క తలుపు చూపుడువేలి గోరంత కూడా తెరుచుకోవడం లేదు. రెక్కల అంచులు అంటుకుపోయి, మధ్యలో చేపనోరులా చిన్న సందు మిగిలింది.

అప్పట్లో ఇంట్లో ఎవరికీ అర్థం కాని సంగతి ఒకటుంది. కూర్చుంటే అక్క మామూలుగానే ఉండేది. బావి దగ్గర నుంచి బిందె ఎత్తుకొచ్చేసరికి ఎగపోత. "సోమరితనం" అని తిట్లు కూడా తిన్నది.

కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సుకి తలుపు ఇరుకైందనుకోండి. స్టాపులో బస్సు నిమిషంసేపు ఆగితే ఒకరి వెనక ఒకరు అందరూ దిగిపోతారు. పావు నిమిషమే ఆగి కదిలితే సగంమంది లోపలే ఉండిపోతారు, వెనకవాళ్ళు తోసుకుంటారు. మైట్రల్ తలుపు తెరుచుకునేది గుండె రెండు దెబ్బల మధ్య తీసుకునే విరామంలోనే. నెమ్మదిగా కొట్టుకునే గుండెకి విరామం ఎక్కువ, ఇరుకు తలుపులోంచి కూడా రక్తమంతా దిగుతుంది. బరువెత్తినా మెట్లెక్కినా జ్వరమొచ్చినా గుండె వేగం పెరిగి ఆ విరామం తరుగుతుంది. దిగని రక్తం పై గదిలో పేరుకుని, ఆ ఒత్తిడి వెనక్కి తన్ని ఊపిరితిత్తుల్లోకి నీరు ఊరుతుంది. ఎగపోతంటే అదే.

గర్భిణుల ఒంట్లో రక్తం మామూలు కంటే 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. గుండె వేగమూ పెరుగుతుంది. అంటే బస్సులో జనం ఎక్కువ, ఆగే సమయం తక్కువ. అక్కకి ఇరవై మూడో ఏట కూతురు పుట్టింది. ఆఖరి మూడు నెలలూ మూడు దిళ్ళు పెట్టుకుని కూర్చునే నిద్రపోయింది. ఈ జబ్బున్న ఆడపిల్లలు తల్లులు కాకూడదని నేననను, అక్క అయింది. కానీ పెళ్ళికి ముందే ఎకో పరీక్ష చేయించి, తలుపు ఎంత తెరుచుకుంటోందో చూసుకుని, అవసరమైతే ముందు దాన్ని బాగుచేయించుకోవాలి. ఈ మాట చెప్పడానికి సిగ్గుపడే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. దాచడం వల్ల ప్రాణాలు పోతాయి.

వేలు, బుడగ, కొత్త తలుపు

1925లో లండన్‌లో హెన్రీ సౌటర్ అనే సర్జను ఒక అమ్మాయికి కొట్టుకుంటున్న గుండెకి చిన్న గాటు పెట్టి, లోపలికి వేలు పోనిచ్చి, ఇరుకైన మైట్రల్ తలుపును విప్పదీశాడు. ఆ అమ్మాయి బతికింది. అయినా తోటి వైద్యులు ఆయన దగ్గరికి మళ్ళీ అలాంటి రోగిని పంపలేదు. గుండెని ముట్టుకోవడమే తప్పనుకున్న రోజులవి. ఇరవై ఏళ్ళు పైగా గడిచాక, 1940ల చివర్లో, అమెరికాలోనూ ఇంగ్లండులోనూ ఆ పద్ధతి తిరిగి ప్రాణం పోసుకుంది. మన దేశంలో ఎన్నో వేలమంది పిల్లలు దానివల్లే పెద్దవాళ్ళయ్యారు. అక్క మొదటి ఆపరేషను అదే. ఎడమ రొమ్ము కింద నుంచి వీపు దాకా పోయిన గీత ఇప్పటికీ ఉంది.

పదేళ్ళకి తలుపు మళ్ళీ బిగుసుకుంది. అప్పటికి జపాన్ వైద్యుడు కాంజీ ఇనోవే 1980ల మొదట్లో తయారుచేసిన బుడగ మన దగ్గరికి వచ్చేసింది. గజ్జల్లోని రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి, తలుపు మధ్యలో బుడగ ఉబ్బిస్తే, అంటుకున్న అంచులు విడిపోతాయి. ఛాతీ కొయ్యక్కర్లేదు. మూడో రోజు అక్క ఇంటికొచ్చింది. ఆ వారమే షాపు తెరిచింది.

ఇంకో ఎనిమిదేళ్ళు గడిచేసరికి రెక్కలు సున్నంలా గట్టిపడ్డాయి. ఇక విప్పదీసేందుకు ఏమీ లేదు. తలుపే మార్చాలి. కృత్రిమ మైట్రల్ వాల్వుతో మనిషి ఏళ్ళ తరబడి బతకవచ్చని మొదట రుజువైంది 1960లో, అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో. ఆల్బర్ట్ స్టార్ అనే సర్జను, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే రిటైరైన ఇంజనీరు కలిసి చేసిన వాల్వు అది. చిన్న పంజరంలో పైకీ కిందికీ ఎగిరే బంతి. అది పెట్టించుకున్న యాభై రెండేళ్ళ మనిషి ఇంకో పదేళ్ళు బతికాడు. చివరికి పోయింది గుండెజబ్బుతో కాదు, ఇంటికి రంగు వేస్తూ నిచ్చెన మీంచి పడి. ఇది చదివిన ప్రతిసారీ నేను ఆ నిచ్చెన గురించే ఆలోచిస్తాను. గుండెలో సిలికోన్ రబ్బరు బంతి ఎగురుతుండగా ఆయన నిచ్చెనెక్కి తన ఇంటికి తానే రంగు వేసుకుంటున్నాడు.

మన దేశంలో ఈ పని తిరువనంతపురంలో జరిగింది. డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వాన శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థ చౌకలో వాల్వు తయారుచేయడానికి పూనుకుంది. మొదటి మూడు నమూనాలూ విఫలమయ్యాయి. నాలుగోదాన్ని 1990 డిసెంబరు 6న మొదటిసారి మనిషికి అమర్చారు. లోహపు చట్రంలో ప్లాస్టిక్ బిళ్ళ తిరిగే ఆ చిత్ర వాల్వు, దిగుమతి వాల్వు కొనుక్కోలేని ఇళ్ళలో దీపం నిలిపింది.

> ఏ తలుపు మేలు?
>
> కృత్రిమ వాల్వులు రెండు రకాలు. మొదటిది జంతు కణజాలంతో చేసినది, పంది గుండె వాల్వు గానీ ఆవు గుండె చుట్టూ ఉండే పొర గానీ. శుద్ధి చేసిన తోలులాంటిదన్నమాట. దీని మీద రక్తం అంత తేలిగ్గా గడ్డకట్టదు, జీవితాంతం మందు అక్కర్లేకపోవచ్చు. కానీ పది పదిహేనేళ్ళలో అరుగుతుంది. వయసులో ఉన్నవాళ్ళలో కాల్షియం త్వరగా పేరుకుని ఇంకా ముందే పాడవుతుంది.
>
> రెండోది యాంత్రిక వాల్వు. అణు ఇంధన గుళికల పూత కోసం కనిపెట్టిన ఒక రకం కార్బన్‌తో చేసిన రెక్కలుంటాయి. అరగదు, దశాబ్దాలు నిలుస్తుంది. కానీ దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. రెక్కలు చట్రానికి కొట్టుకున్నప్పుడల్లా టిక్‌మంటుంది.
>
> ఒకదాంట్లో మళ్ళీ ఆపరేషను, రెండోదాంట్లో రోజూ మాత్ర. ఏది మోయగలమో రోగి, డాక్టరు కలిసి తేల్చుకోవాల్సిన సంగతి.

ముప్పై మూడో ఏట అక్క కణజాలం వాల్వునే కోరుకుంది. "పిల్ల చిన్నది, షాపు నా ఒక్కదాని మీదే నడుస్తోంది, నెలనెలా రక్తపరీక్షకి గుంటూరు పోలేను" అంది. అది 2005. ఆరోగ్యశ్రీ రావడానికి ఇంకా రెండేళ్ళుంది. రెండెకరాలు అమ్మారు. ఆ వాల్వు పదకొండేళ్ళు పనిచేసింది. ఆ పదకొండేళ్ళలో కూతుర్ని చదివించింది, షాపుకి రెండో మిషను కొన్నది, కాశీ వెళ్ళొచ్చింది. వాల్వు అరిగినప్పుడు చుట్టాలు "పాపం, ఆపరేషను ఫెయిలైంది" అన్నారు. ఆ మాట తప్పు. ఎన్నేళ్ళు వస్తుందో ముందే లెక్క చెప్పి పెట్టిన తలుపు అది. లెక్క ప్రకారమే పనిచేసింది.

ఇలా ఒకటికి మించి ఆపరేషన్లు చేయించుకుంటూ నిండుగా బతికేది అక్క ఒక్కతే కాదు. హాలీవుడ్ నటుడు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్‌కి పుట్టుకతోనే ఒక గుండె కవాటంలో లోపం ఉంది. 1997లో ఛాతీ తెరిచి ఆపరేషను చేశారు. 2018లో ఒక వాల్వు, 2020లో ఇంకొకటి మార్చారు. మొదటిదానికీ రెండోదానికీ మధ్య ఆయన ఏడేళ్ళకు పైగా కాలిఫోర్నియా గవర్నరుగా పనిచేశాడు.

విప్పిన కుట్టు మీద మళ్ళీ కుట్టు

2016లో నాలుగోసారి. ఈసారి ఆరోగ్యశ్రీ కార్డు ఉంది, పొలం అమ్మక్కర్లేకపోయింది. కానీ సర్జను ముఖంలో 2005 నాటి తేలికతనం లేదు. "రెండోసారి రొమ్ముఎముక తెరవడం మొదటిసారి లాంటిది కాదమ్మా" అన్నాడాయన.

"తెలుసు బాబూ. కొత్త గుడ్డ మీద కుట్టడం వేరు, కుట్టు విప్పిన గుడ్డ మీద కుట్టడం వేరు" అంది అక్క. ఆయన కాసేపు ఆమెవైపే చూసి, "సరిగ్గా అదే" అన్నాడు.

గుండె చుట్టూ రెండు పొరల సంచి ఉంటుంది. పొరల మధ్య కొద్దిగా నూనెలాంటి ద్రవం ఉండి, గుండె కొట్టుకుంటున్నా దేనికీ రాసుకోకుండా జారుతుంది. సంచిని ఒకసారి కోస్తే ఒళ్ళు దాన్ని గాయంగానే చూస్తుంది. కొన్ని గంటల్లోనే రక్తంలోంచి జిగురులాంటి పీచు వచ్చి ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. రోజులు గడిచేకొద్దీ ఆ పీచు మీద గట్టి నారపోగులు అల్లుకుంటాయి, వాటిలోకి సన్నటి రక్తనాళాలు పాకుతాయి. గాయం మానడమంటే ఇదే. ఒళ్ళు తన పని తాను చక్కగా చేసింది. కాకపోతే గుండె సంచికీ, సంచి రొమ్ముఎముకకీ, ఊపిరితిత్తి పక్కదానికీ అతుక్కుపోయాయి. జారాల్సిన చోట జిగురు పట్టింది.

మొదటిసారి రొమ్ముఎముక కోసినప్పుడు దాని వెనక ఖాళీ ఉంటుంది. రెండోసారి ఆ ఎముక వెనకే గుండె కుడి గది అంటుకుని ఉండొచ్చు. రంపం ఒక్క వెంట్రుకవాసి లోతుకి పోయినా ప్రమాదం. అందుకే ముందు సీటీ స్కాన్ తీసి ఎముకకీ గుండెకీ మధ్య సందు ఎంతుందో కొలుస్తారు. అక్క స్కాన్ నేను చూశాను. ఎముక తెల్లటి గీత, దాని వెనక ముదురు రంగు సందు, ఆ తర్వాత గుండె. ఒకచోట, గోరు మందాన, ఆ ముదురు సందు లేదు. తెలుపు నేరుగా బూడిదరంగుని తాకుతోంది. సర్జను పెన్సిలుతో అక్కడ చుట్టూ సున్నా చుట్టాడు.

ఆ సున్నాని బట్టే ఆపరేషను పథకం వేశారు. ముందుకీ వెనక్కీ అదురుతూ గట్టి ఎముకనే కోసి మెత్తటి కండని వదిలే రంపం వాడారు. ఏదైనా తేడా వస్తే వెంటనే గుండె-ఊపిరితిత్తుల యంత్రానికి కలపడానికి గజ్జల్లో రక్తనాళాలు ముందే సిద్ధం చేశారు. అతుకుల్ని అంగుళం అంగుళం విడదీయడానికే రెండు గంటలు పైగా పట్టిందట. అసలు వాల్వు మార్చడం ఆ తర్వాత.

ఆపరేషనుకి ముందు ఆరు వారాల గడువు దొరికింది. నన్నడిగితే సగం వైద్యం ఆ ఆరు వారాల్లోనే జరిగింది. రక్తహీనత ఉంటే ఐరన్ మందులిచ్చి సరిచేశారు. పుచ్చిన పన్ను తీయించారు, ఎందుకంటే నోట్లో సూక్ష్మజీవులు చిగుళ్ళ గాయంలోంచి రక్తంలో కలిస్తే కొత్త వాల్వు మీద గూడు కట్టుకుంటాయి. రోజూ పొద్దున్నే నడవమన్నారు. మంచం మీద పడుకున్న ప్రతిరోజూ కాళ్ళ కండ కరుగుతుంది, ముందే కాస్త నిల్వ చేసుకోవాలి. ఇంకోటి, మూడు గొట్టాల్లో మూడు బంతులున్న చిన్న ప్లాస్టిక్ పరికరం. గొట్టం నోట పెట్టుకుని గాలి లోపలికి పీలిస్తే బంతులు పైకి లేస్తాయి. ఛాతీ కుట్ల నొప్పికి మనిషి పైపైనే ఊపిరి పీలుస్తాడు, అప్పుడు ఊపిరితిత్తుల అడుగున ఉన్న గాలిగదులు గాలి తీసిన బుడగల్లా ముడుచుకుపోతాయి, అక్కడ నెమ్ము చేరుతుంది. ఆ బంతుల ఆట దాన్ని ఆపడానికే. అక్క ఆ పరికరాన్ని కుట్టుమిషను బల్ల మీదే పెట్టుకుంది. ఒక్కో బ్లౌజు అయ్యాక పదిసార్లు పీల్చేది. ఆపరేషనుకి వెళ్ళే ముందురోజు మూడో బంతి పైకి లేచి నిలబడింది. షాపులో ఉన్న ఆడవాళ్ళంతా చప్పట్లు కొట్టారు.

ఆపరేషను తర్వాత ఐసీయూలో మూడో రాత్రి అక్క గోడ మీద చీమల బారు చూసింది. నర్సుని పిలిచి తుడవమంది. చీమల్లేవు. ఆమెకి పిచ్చిపట్టిందేమోనని బావ బెంబేలెత్తిపోయాడు. పెద్ద ఆపరేషన్ల తర్వాత ఇది చాలామందికి వస్తుంది. మత్తుమందులు, ఒళ్ళంతా వాపు, రాత్రీపగలూ తెలియని దీపాల వెలుగులో నిద్రలేమి, అన్నీ కలిసి మెదడుని కొన్నిరోజులు గందరగోళపెడతాయి. కళ్ళద్దాలు ఇవ్వాలి, ఇంట్లోవాళ్ళ గొంతు వినిపించాలి, ఇవాళ ఏ వారమో చెబుతుండాలి. రెండు రోజుల్లో చీమలు పోయాయి. దిగులు మాత్రం రెండు నెలలుంది. ఏ కారణం లేకుండా ఏడుపు వచ్చేది. గుండె ఆపరేషను తర్వాత వచ్చే దిగులుని "బతికావు కదా, ఇంకా ఏడుపెందుకు" అని కొట్టిపారేయకూడదు. అది కోలుకోవడాన్ని నిజంగానే మందగింపజేస్తుంది, దానికి వైద్యం ఉంది. అక్క డాక్టరుతో చెప్పుకుంది. మూడో నెలలో మళ్ళీ మిషను తొక్కింది.

రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు

ఇప్పుడు తోటకూర సంగతి. నాలుగోసారి అక్కకి పెట్టింది యాంత్రిక వాల్వు.

యాంత్రిక వాల్వు రెక్కల కీళ్ళ దగ్గర రక్తం కాస్త నిలవ ఉంటుంది. కదలక నిలిచిన రక్తం, అందులోనూ పరాయి వస్తువు తగిలితే, గడ్డకడుతుంది. ఆ గడ్డ తలుపుని కదలకుండా పట్టేయొచ్చు, లేదా తెగి మెదడుకి పోయి పక్షవాతం తేవచ్చు. అందుకే రక్తం గడ్డకట్టే పనిని కొంచెం మందగింపజేసే మాత్ర. మన దగ్గర చాలామంది వాడేది ఎసినోకౌమరాల్, ఎసిట్రామ్ పేరుతో మందుల షాపులో దొరుకుతుంది. "రక్తం పలచబడే మాత్ర" అంటాం గానీ రక్తం పలచబడదు. గడ్డకట్టడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే.

కాలేయాన్ని ఒక ఆఫీసనుకోండి. రక్తాన్ని గడ్డకట్టించే కొన్ని మాంసకృత్తులు అక్కడ కాగితాల్లా తయారవుతాయి. స్టాంపు పడితేగాని ఆ కాగితం చెల్లదు. ఆ స్టాంపే విటమిన్ కె. ఒక్కసారి కొట్టగానే స్టాంపు మీద ఇంకు అయిపోతుంది. దాన్ని ఇంకు ప్యాడు మీద మళ్ళీ అద్దాలి. ఎసిట్రామ్ చేసే పని ఆ ఇంకు ప్యాడు మూత బిగించడం. స్టాంపులు ఎండిపోతాయి, చెల్లే కాగితాలు తగ్గుతాయి, రక్తం నెమ్మదిగా గడ్డకడుతుంది.

తోటకూర, పాలకూర, మునగాకు లాంటి ఆకుకూరల్లో విటమిన్ కె దండిగా ఉంటుంది. అంటే అప్పుడే ఇంకు అద్దిన కొత్త స్టాంపులు పెట్టెల కొద్దీ ఆఫీసుకి చేరినట్టు. ప్యాడు మూసి ఉన్నా పని నడిచిపోతుంది. మాత్ర బలం తగ్గుతుంది.

ఇది విని చాలామంది ఆకుకూరలు పూర్తిగా మానేస్తారు. కొందరు డాక్టర్లు కూడా హడావిడిలో "ఆకుకూరలు తినొద్దు" అని ఒక్క ముక్కలో చెప్పేస్తారు. నాకు ఇది బాధ కలిగిస్తుంది, ఎందుకంటే అసలు చిక్కు ఆకుకూరలతో కాదు, హెచ్చుతగ్గులతో. మాత్ర మోతాదు మన తిండిని బట్టే నిర్ణయిస్తారు. వారానికి రెండుసార్లు తోటకూర తినే మనిషికి ఆ తిండికి తగ్గ మోతాదు కుదురుతుంది. అసలు తిననివాడికి ఇంకో మోతాదు. బొత్తిగా మానేసినవాడి ఒంట్లో విటమిన్ కె నిల్వ అడుగంటి ఉంటుంది కాబట్టి, ఒక్క శుభకార్యంలో పాలకూర పప్పు తిన్నా అంకె ఊగిపోతుంది. రోజూ ఒకేలా తినేవాడి అంకె నిలకడగా ఉంటుంది. అక్క ఒకే కట్ట కొనడం, ఏ వారమూ మానకపోవడం వెనక ఉన్న లెక్క ఇదే.

> పాల క్యానులో రక్తం
>
> 1933 శీతాకాలం. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఒక రైతు చనిపోయిన ఆవునీ, పాల క్యాను నిండా గడ్డకట్టని దాని రక్తాన్నీ బండిలో వేసుకుని కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలకి వచ్చాడు. పాడైపోయిన ఒక రకం గడ్డి తిని పశువులు రక్తం కారి చనిపోతున్నాయి. లింక్ బృందం ఏళ్ళ తరబడి శ్రమించి ఆ గడ్డిలోని పదార్థాన్ని వేరుచేసింది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్‌ని మొదట ఎలుకల మందుగా అమ్మారు. 1950లలో అదే మనుషుల మందైంది. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి కూడా ఇచ్చారు. అక్క మాత్ర ఆ కుటుంబంలోదే.

మాత్ర సరిగ్గా పనిచేస్తోందా అని చూసే అంకె పేరు ఐఎన్ఆర్. మాత్ర వేసుకోనివారిలో అది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ చోట యాంత్రిక వాల్వు ఉన్నవారికి సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. ఈ రోజు మోతాదు మారిస్తే అంకె మారడానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఎందుకంటే పాత స్టాంపు పడ్డ కాగితాలు అప్పటిదాకా రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. జ్వరమొచ్చి తిండి తగ్గినా, విరేచనాలు పట్టుకున్నా, కొన్ని యాంటీబయాటిక్కులు వేసుకున్నా అంకె పెరుగుతుంది. ఒళ్ళునొప్పులకి మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలు కడుపులో రక్తం కార్పించగలవు.

అక్క దగ్గర టైలరింగు కొలతల పుస్తకం లాంటిదే ఇంకొకటుంది. తేదీ, అంకె, మోతాదు, ఆ వారం విశేషం. "జ్వరం 2 రోజులు." "పెళ్ళి భోజనం." "సగం మాత్ర బదులు ముప్పావు." మాత్రని పాత బ్లేడుతో నాలుగు ముక్కలు చేసి, ముక్కల్ని బటన్ల డబ్బాలో వేసుకుంటుంది.

ఒకసారి ఆ పుస్తకమే ఆమెని కాపాడింది. మా ఊరి దగ్గర ఒక ల్యాబులో అంకె 5.4 వచ్చింది. మూడు రోజులు మాత్ర ఆపమని అక్కడివాళ్ళు చెప్పేశారు. అక్క పుస్తకం తీసింది. ఎనిమిది నెలలుగా 2.7, 2.9, 3.0. తిండి మారలేదు, మందు మారలేదు. ఫోనులో డాక్టరుకి ఆ వరస చదివి వినిపించింది. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "నీలం మూత గొట్టంలో రక్తం గీత దాకా నింపారా?" నింపలేదు. నరం దొరక్క సగానికే ఆపారు. ఆ గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా ముందే ఒక ద్రవం పోసి ఉంటుంది, తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు ద్రవం. రక్తం తగ్గితే ద్రవం ఎక్కువై, గడ్డకట్టడానికి ఆలస్యమైనట్టు అబద్ధపు అంకె వస్తుంది. మళ్ళీ నిండుగా తీసి చూస్తే 2.8. మూడు రోజులు మాత్ర ఆపి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. ఈ మాత్ర వాడే ప్రతివాళ్ళూ రక్తం ఇచ్చేటప్పుడు ఆ గీత వంక చూడండి.

కొలతల పుస్తకం చివరి పేజీ

గత జూన్‌లో తెనాలి వెళ్ళాను. బడులు తెరిచే రోజులు, షాపు నిండా యూనిఫాం గుడ్డలు. తొమ్మిదేళ్ళ పిల్లాణ్ణి తీసుకుని ఒకావిడ వచ్చింది. నిక్కరు కొలత తీస్తుంటే పిల్లాడు ఒక కాలి మీదే నిలబడ్డాడు. అక్క టేపు ఆపింది.

"మోకాలేమైంది నాన్నా?"

"నిన్నటి నుంచి వాచిందత్తా" అంది తల్లి. "పోయిన వారం రెండో మోకాలు. ఆడుకుంటూ ఎక్కడో పడ్డట్టున్నాడు."

"అంతకుముందు గొంతునొప్పి వచ్చిందా?"

తల్లి ఆలోచించి, వచ్చిందంది. అక్క టేపు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఒరేయ్, షాపు చూసుకో" అని నాతో చెప్పి, ఆటో పిలిచి వాళ్ళతోపాటు తనే వెళ్ళింది.

పిల్లాడికి ఎకో తీశారు. వాల్వు రెక్కలు కాస్త వాచాయి గానీ తలుపు ఇంకా బాగానే తెరుచుకుంటోంది. పెన్సిలిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. సాయంత్రం తిరిగొచ్చాక అక్క తన ఐఎన్ఆర్ పుస్తకం చివరి పేజీ తిప్పి, పైన ఆ పిల్లాడి పేరు రాసి, కేలండరు చూసుకుంటూ మూడు వారాలకొకటి చొప్పున వచ్చే ఏడాది జూన్ దాకా పద్దెనిమిది తేదీలు వరసగా వేసింది. మొదటి తేదీ పక్కన టిక్కు పెట్టింది.